ఒకే చోట మూడు రకాల మిడ్‌వైఫ్‌లం, ఒకరంటే ఒకరికి పడదు

ప్రశ్న: అక్కా, నమస్తే. నేను నర్సింగ్ చదవకుండా నేరుగా మూడేళ్ళ మిడ్‌వైఫరీ కోర్సు చేసినదాన్ని. ఆరేళ్ళుగా కాన్పులు చేస్తున్నాను. మా సెంటర్‌లో నాలాంటివాళ్ళం నలుగురం, నర్సింగ్ అయ్యాక మిడ్‌వైఫరీ చేసి వచ్చినవాళ్ళు ఏడుగురు. వీళ్ళు కాక, ఇళ్ళకెళ్ళి కాన్పులు చేసే పెద్దావిడలు ఇద్దరున్నారు. వాళ్ళకి సర్టిఫికెట్ లేదు, పెద్దవాళ్ళ వెంట తిరిగి నేర్చుకున్నారు, కేసు కష్టమైతే మా దగ్గరికి తీసుకొస్తారు. పోయిన నెల డ్యూటీ మారేటప్పుడు ఒక సీనియర్ నర్స్ మిడ్‌వైఫ్ నా చేతిలో కేసు షీట్ తీసుకుని, తల్లి ముందే, "నువ్వు చూసింది నేను మళ్ళీ చూసుకుంటాలే" అంది. మావాళ్ళూ తక్కువేం తినలేదు, "వాళ్ళకి కాన్పంటే జబ్బు, డాక్టర్ చెప్పందే చెయ్యి కదలదు" అంటారు. పెద్దావిడల్ని మాత్రం రెండు వర్గాలూ కలిసి చిన్నచూపు చూస్తాయి. ఇప్పుడు అందరికీ కలిపి ఒకే సంఘం పెడదామంటున్నారు. వచ్చే నెల మీటింగ్‌లో మా నలుగురి తరఫున నన్ను మాట్లాడమన్నారు. కలిస్తే మన గుర్తింపు పోతుందని మావాళ్ళ భయం, ప్రమాణాలు పడిపోతాయని వాళ్ళ భయం. పెద్దావిడల్ని చేర్చుకోవాలా వద్దా అన్నది ఇంకో గొడవ. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

సమాధానం:

చెల్లెమ్మా, నీ ఉత్తరంలో నన్ను బాగా గుచ్చిన మాట "తల్లి ముందే" అన్నది. ఎవరికి ఎంత చదువుంది అన్న గొడవ ఎన్నాళ్ళు సాగినా సాగనీ, నొప్పులు పడుతూ మంచం మీద ఉన్న మనిషికి, ఇంతసేపూ తన చెయ్యి పట్టుకున్న అమ్మాయి పని నమ్మదగింది కాదని ఆ ఒక్క మాటతో చెప్పేశారు. ఇక రాత్రంతా ఆవిడ ఎవరిని నమ్మాలి? సంఘం సంగతి చెప్తాను గానీ, ముందు నా సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే నేను ఆ సీనియర్ వైపు నుంచి వచ్చినదాన్ని.

నేనూ నర్సింగ్ చేసి ఆ తర్వాత మిడ్‌వైఫ్ అయినదాన్నే. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట అనుకుంటా, ఒక రాత్రి ఇంటి దగ్గర కాన్పులు చేసే ఒకావిడ నొప్పులతో ఉన్న అమ్మాయిని తీసుకొచ్చింది. వస్తూనే నాతో ఏదో చెప్పబోయింది. నేను వినలేదు. "మీరు బయట కూర్చోండి, మేం చూసుకుంటాం" అని తలుపు వేసేశాను. అడగాల్సినవన్నీ ఆ పిల్లనే మొదటి నుంచి అడిగాను, నొప్పి వచ్చినప్పుడల్లా ఆగి, మళ్ళీ అడిగి, మళ్ళీ రాసుకుని. ఉమ్మనీరు ఎప్పుడు పోయిందో ఆ పిల్లకి సరిగ్గా గుర్తులేదు, రంగు అసలే చూసుకోలేదు. బిడ్డ గుండె చప్పుడు తగ్గడం నేను పట్టుకునేసరికి పది నిమిషాల పైనే అయిపోయింది. బిడ్డ బతికింది, కానీ పుట్టగానే ఏడవలేదు, కొన్ని రోజులు అద్దాల పెట్టెలో పెట్టాల్సి వచ్చింది. తెల్లవారి నేను బయటికొస్తే ఆవిడ కూర్చున్న బెంచీ మీద నాలుగు మడతలు పెట్టిన నోటుబుక్కు కాగితం ఒకటి కనపడింది. విప్పి చూస్తే, ఉమ్మనీరు పోయిన టైము, "పచ్చగా ఉంది" అన్న మాట (బిడ్డ ఇబ్బందిలో ఉందేమోనని అనుమానించాల్సిన గుర్తు అది), దాని కింద రెండుసార్లు గీసిన గీత, ఆ తర్వాత అరగంట అరగంటకీ నాడి ఎంతుందో వంకర అంకెల్లో. నాకు కావాల్సిందంతా తలుపుకి అవతల, ఆవిడ చేతిలో ఉంది. ఆవిడ చదువు ఎంతో అడగడానికి కూడా నేను ఆగలేదు, మనిషిని చూసి తేల్చేశాను.

అందుకని నీ గొడవని ఆ కాగితం వైపు నుంచే చూస్తాను. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి తల్లి మారే ఆ రెండు మూడు నిమిషాలున్నాయే, మిడ్‌వైఫ్‌ల మధ్య ఐక్యత ఉందో లేదో అక్కడ తేలిపోతుంది. సంఘం పేరు, లోగో, ఎవరు అధ్యక్షురాలు, ఇవన్నీ ఆ తర్వాత.

ఈ విభేదం మీ సెంటర్‌లో పుట్టింది కాదు. మిడ్‌వైఫ్ అన్న పేరుకి చట్టం వచ్చిన చాలాచోట్ల ఇదే ప్రశ్న లేచింది: పరీక్ష రాసి వచ్చినవాళ్ళా, పని చేస్తూ నేర్చుకున్నవాళ్ళా? ఇంగ్లండ్‌లో 1902లో మిడ్‌వైవ్స్ చట్టం వచ్చినప్పుడు పాతవాళ్ళని ఒక్కసారిగా వెళ్ళగొట్టలేదు. కనీసం ఏడాదిగా నిజాయితీగా పని చేస్తున్నట్టు, మంచి నడవడిక ఉన్నట్టు చూపిస్తే వాళ్ళ పేర్లు కూడా రిజిస్టర్‌లో రాసుకున్నారు. కొత్తగా వచ్చేవాళ్ళకి మాత్రం శిక్షణ, పరీక్ష. అంటే దారి మూసేటప్పుడు, ఆ దారిలో అప్పటికే నడుస్తున్నవాళ్ళకి ఒక తలుపు తెరిచి ఉంచారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో కథ వేరు. అక్కడ గ్రానీ మిడ్‌వైఫ్‌లని పిలిచే నల్లజాతి మంత్రసానులు తరతరాలుగా కాన్పులు చేశారు. 1921లో తల్లీబిడ్డల ఆరోగ్యానికి నిధులిచ్చే షెపర్డ్-టౌనర్ చట్టం వచ్చాక వాళ్ళకి శిక్షణ, తనిఖీ, లైసెన్సులు మొదలయ్యాయి. ఆ శిక్షణతో మేలు కూడా జరిగింది, కాదనను. కానీ తర్వాతి దశాబ్దాల్లో ఆ లైసెన్సులనే ఒక్కొక్కటిగా తీసేసుకుంటూ వాళ్ళని పనిలోంచే తప్పించారు. వాళ్ళ చేతుల్లో ఉన్న నేర్పు చాలావరకు వాళ్ళతోనే పోయింది.

ఆ దేశంలోనే నర్స్ మిడ్‌వైఫ్‌ల సంఘం 1955లో పుట్టింది, అన్ని రకాల మిడ్‌వైఫ్‌లనీ కలుపుకుందామని ఇంకో సంఘం 1982లో పుట్టింది, నర్సింగ్ లేకుండా వచ్చినవాళ్ళకి జాతీయ స్థాయి సర్టిఫికెట్ 1994లో వచ్చింది. మధ్యలో ఎన్ని మాటలు అనుకున్నారో! నీ ఉత్తరంలో ఉన్న మాటలే, భాష వేరు. చివరికి 2015లో ఈ సంఘాలన్నీ ఒక అంగీకారానికి వచ్చాయి. కొత్తగా లైసెన్సు చట్టాలు వచ్చే రాష్ట్రాల్లో ఇక మీదట గుర్తింపు ఉన్న కోర్సు చేసే రావాలి. ఇప్పటికే గురువు వెంట నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళు 50 గంటల అదనపు శిక్షణతో బ్రిడ్జ్ సర్టిఫికెట్ తీసుకుంటే సరిపోతుంది. అందరికీ నచ్చింది కాదు, కానీ రెండు వైపులా ఒక మెట్టు దిగారు.

మరి నీకు సూటిగా ఉపయోగపడేది కెనడాలోని ఒంటారియో. అక్కడ నర్స్ మిడ్‌వైఫ్‌ల సంఘం, నర్సింగ్ లేని మిడ్‌వైఫ్‌ల సంఘం వేరువేరుగా ఉండేవి. 1984లో రెండూ కలిసి ఒకటయ్యాయి. అప్పటికి ఎవరికీ చట్టంలో చోటు లేదు, విడివిడిగా వెళ్తే ప్రభుత్వం పట్టించుకోదని ఇద్దరికీ అర్థమైంది. పదేళ్ళకి, 1994లో, మిడ్‌వైఫరీ అక్కడ చట్టబద్ధమైన వృత్తి అయింది. తమ సమాజంలో కాన్పులు చేసే ఆదివాసీ మిడ్‌వైఫ్‌లకి ఆ చట్టంలో మినహాయింపు కూడా పెట్టారు. ఇదంతా బాగానే ఉంది గానీ, వేరే దేశాల్లో చదివి వలస వచ్చిన మిడ్‌వైఫ్‌లు చాలామంది ఆ మొదటి విడతలో బయటే ఉండిపోయారన్న విమర్శ కూడా ఉంది, ఆ విమర్శలో నిజం ఉంది. కలిసేవాళ్ళు కలుస్తున్నప్పుడు ఎవరు బయట ఉండిపోతున్నారో చూడటం అందుకే ముఖ్యం. మీ దగ్గర ఆ బయట ఉండేది ఆ పెద్దావిడలిద్దరూ.

ఇప్పుడు నీ తోటివాళ్ళ భయం. "గుర్తింపు పోతుంది" అంటున్నారు కదా. అంతర్జాతీయ మిడ్‌వైఫ్‌ల సమాఖ్య 2010లో చదువుకి ప్రమాణాలు పెట్టింది. నేరుగా వచ్చేవాళ్ళకి కనీసం మూడేళ్ళు, నర్సింగ్ చేసి వచ్చేవాళ్ళకి కనీసం పద్దెనిమిది నెలలు. చివర్లో రెండు దారుల్లో వచ్చినవాళ్ళకీ రావాల్సిన పని ఒకటే. భారతదేశం 2018లో నర్సులకే పద్దెనిమిది నెలల శిక్షణ ఇచ్చి మిడ్‌వైఫ్‌లని తయారుచేసే దారి ఎంచుకుంది, ఇంకొన్ని దేశాలు నేరుగా వచ్చే దారి ఎంచుకున్నాయి. ఇందులో ఒకటి అసలుది, ఇంకోటి నకిలీది అని ఎవరూ రాయలేదు. నువ్వు చేసిన మూడేళ్ళు ఎవరో దయతలచి ఒప్పుకోవాల్సినవి కావు, అందుకని ఆ మీటింగ్‌లో నువ్వు బతిమాలే గొంతుతో మాట్లాడొద్దు.

అలాగని సీనియర్ల భయాన్నీ కొట్టిపారెయ్యకు, అది అహంకారమే కాదు. నర్సింగ్ దారిలో వచ్చినవాళ్ళు వేరే వార్డుల్లో పని చేసి ఉంటారు. గుండెజబ్బు మనిషి ఎలా ఆయాసపడుతుందో, షుగర్ పడిపోతే మొహం ఎలా పాలిపోతుందో, ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకితే మాట ఎలా తడబడుతుందో కళ్ళారా చూసి ఉంటారు. కాన్పు మామూలుగా సాగుతున్నప్పుడు అవేవీ అక్కర్లేదు, కానీ వంద మందిలో ఆ ఒక్కరు వచ్చిన రోజు అవి కావాలి. మీకు ఉన్నది వేరు. మామూలు కాన్పు ఎంతసేపు మామూలుగా ఉంటుందో కూర్చుని చూసిన ఓపిక మీది. తొందరపడి చెయ్యి పెట్టకుండా ఉండటం కూడా ఒక విద్యే, అది నాకు చాలా ఆలస్యంగా వచ్చింది, నేర్పింది కూడా నీలాంటి అమ్మాయే. తల్లి నేల మీద మోకాళ్ళ మీద ఉండి కంటానంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు, ఆ అమ్మాయి మాత్రం చిన్న అద్దం, టార్చి కింద పెట్టుకుని, తనూ నేల మీదే కూర్చుని, తల ఎంతవరకు వచ్చిందో నాకు చూపిస్తూ మెల్లగా చెప్పుకుంటూ పోయింది.

అందుకని మీటింగ్‌లో "మనమంతా ఒక్కటే" అన్న ఉపన్యాసం ఇవ్వకు. ఒక్కటి కాదు, ఆ విషయం అందరికీ తెలుసు. ఎవరు ఏది చెయ్యగలరో, ఎక్కడ ఆపి ఎవరిని పిలవాలో ఒక కాగితం మీద పెడదాం అను. చప్పచప్పగా అనిపిస్తుంది, కానీ పనికొచ్చేది అదే.

మొదట అప్పగింత. డ్యూటీ మారేటప్పుడైనా, బయటి నుంచి కేసు వచ్చినప్పుడైనా ఒకే వరసలో చెప్పాలి, ఒకే వరసలో వినాలి: ఇప్పుడు ఏం జరుగుతోంది, ఇంతకుముందు ఏం జరిగింది, నాకేమనిపిస్తోంది, మీరేం చెయ్యాలి. ఎస్‌బార్ అని ఆసుపత్రుల్లో నేర్పేది ఇదే. దీనిలో గొప్ప ఏంటంటే "నాకేమనిపిస్తోంది" అన్న చోట అవతలి మనిషి చదువు ఏదైనా సరే ఆమె మాట వినక తప్పదు. మళ్ళీ పరీక్ష చెయ్యడంలో తప్పు లేదు, చెయ్యాలి కూడా, కానీ విన్న తర్వాత. ఇంకో నియమం, తల్లి వినేలా ఒకరి పనిని ఒకరు తక్కువ చెయ్యకూడదు. అనాల్సింది ఉంటే పక్క గదిలో, ఆ రోజే.

ఆ సీనియర్‌తో మాత్రం మీటింగ్‌కి ముందే విడిగా మాట్లాడు. నలుగురి ముందు ఆవిడ పేరు తెచ్చావంటే ఆ ఏడుగురూ ఆవిడ వెనక నిలబడతారు, నీ మాట అక్కడితో సరి. "ఆ రోజు నా షీట్‌లో మీకు అనుమానం వచ్చింది ఎక్కడ?" అని అడుగు. నిజంగా ఏదైనా ఉంటే నేర్చుకుంటావు. ఏమీ లేకపోతే ఆవిడకే తెలుస్తుంది. నన్ను ఎవరూ అలా అడగలేదు, అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

రెండోది, అందరూ కలిసి చేసే ప్రాక్టీసు. కాన్పు తర్వాత రక్తం ఆగకపోవడం మీదే మొదలుపెట్టండి, ఎందుకంటే అక్కడ వాదించుకునే టైము ఉండదు. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రుల్లో చేసిన ఈ-మోటివ్ అనే అధ్యయనం 2023లో బయటికొచ్చింది. అందులో కొత్త మందేం లేదు. కాన్పు కాగానే తల్లి కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ షీట్ పరిచి రక్తం ఎంత పోతోందో కళ్ళతో అంచనా వెయ్యకుండా కొలిచారు. ఎక్కువ పోతున్నట్టు తేలగానే గర్భసంచి మసాజ్, గర్భసంచి బిగుసుకోవడానికి ఆక్సిటోసిన్, రక్తం ఆగడానికి ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, ఎక్కణ్ణుంచి పోతోందో చూడటం, పైవాళ్ళని పిలవడం, ఇవన్నీ ఒకదాని ఫలితం కోసం ఇంకోటి ఆపకుండా ఒక్కసారే మొదలుపెట్టారు. తీవ్రమైన రక్తస్రావం, దాని వల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. ఇది ఒక్క మనిషి చేసే పని కాదు. ఒకరు పొట్ట మీద చెయ్యి వేస్తే ఒకరు ఇంజెక్షన్ తీస్తారు, ఒకరు సూది పెడతారు, ఒకరు టైము రాస్తారు. నెలకోసారి ఒక బొమ్మ పెట్టుకుని మీ పదకొండు మందీ కలిపి చెయ్యండి, ప్రతిసారీ జట్లు మార్చి. ఎవరు ఏ కోర్సు చేశారన్నది ఆ గదిలో ఎవరికీ గుర్తుండదు చూడు.

ఇక పెద్దావిడలు. ఇక్కడ నీకు నచ్చని మాట ఒకటి చెప్తాను, వాళ్ళ తరఫు వాదించేవాళ్ళకీ నచ్చదు. వాళ్ళ అనుభవం ఎంత గొప్పదైనా వాళ్ళ పనీ మీ పనీ ఒకటే అని సంఘం కాగితం మీద రాయకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, మిడ్‌వైఫ్‌ల సమాఖ్య, గైనకాలజిస్టుల సమాఖ్య కలిసి 2004లో నైపుణ్యం ఉన్న ప్రసవ సహాయకులు ఎవరో నిర్వచించినప్పుడు సంప్రదాయ మంత్రసానుల్ని అందులో చేర్చలేదు, శిక్షణ పొందినవాళ్ళని కూడా. కారణం ఉంది. గుర్రపువాతం, అంటే కాన్పు సమయంలో బీపీ వల్ల వచ్చే ఫిట్స్, వచ్చి తల్లి కొట్టుకుంటుంటే మెగ్నీషియం సల్ఫేట్ ఇవ్వాలి, ఊపిరి తీసుకోని బిడ్డకి బ్యాగ్‌తో గాలి అందించాలి. ఆ మందూ ఆ బ్యాగూ చేతిలో లేకపోతే ఎంత మంచి చెయ్యి అయినా ఏం చెయ్యగలదు? ఐక్యత పేరుతో దీన్ని దాచిపెడితే ఆ భారం తల్లుల మీద పడుతుంది.

కానీ సభ్యత్వం వేరు, చోటు వేరు. వాళ్ళకి మీ సెంటర్‌లో చోటు ఉండాలి. కేసు తెచ్చిన మనిషి తలుపు లోపలికి రావాలి, తల్లి ఒప్పుకుంటే కాన్పయ్యేదాకా పక్కనే ఉండాలి, ఆమె మాట షీట్‌లో ఆమె చెప్పిందిగా రాయాలి. ఎప్పుడు తీసుకురావాలో మీరూ వాళ్ళూ కలిసి ముందే అనుకోవాలి: ఉమ్మనీరు పచ్చగా ఉంటే, ఎదురుకాళ్ళైతే, తలనొప్పితో కళ్ళు మసకబారితే, మాయ పడకపోతే. తీసుకొచ్చినప్పుడు "ఇంత ఆలస్యంగానా" అని ఒక్కసారి అరిచారంటే, ఆ తర్వాతి కేసు ఇంకా ఆలస్యంగా వస్తుంది. నాకు తెలిసి చాలాచోట్ల జరిగేది ఇదే, తిట్లకి భయపడి ఇంకో గంట చూద్దాం అనుకుంటారు. వాళ్ళలో చదువుకోవాలన్నవాళ్ళుంటే బ్రిడ్జ్ కోర్సు లాంటి దారి ఏదైనా అడిగి తెచ్చే బాధ్యత సంఘం తీసుకోవాలి, అది మీ తీర్మానాల్లో ఉండాలి.

ఒక మాట మీ పదకొండు మందికీ. 2021లో వచ్చిన ప్రపంచ మిడ్‌వైఫరీ నివేదిక లెక్క ప్రకారం ప్రపంచానికి ఇంకా 9 లక్షల మంది మిడ్‌వైఫ్‌లు కావాలి. అంత కొరత ఉన్నప్పుడు మీలో ఎవరి ఉద్యోగానికీ పక్కమనిషి అడ్డు కాదు. కానీ జీతాల గురించి, డ్యూటీల గురించి, ఒక్కరే ముగ్గురు తల్లుల్ని చూడాల్సి రావడం గురించి అడగడానికి మీరు రెండు గుంపులుగా వెళ్తే, ఒక గుంపుకి ఇంకో గుంపుని చూపించి పంపించేస్తారు. నర్స్ మిడ్‌వైఫ్‌ని "నువ్వు నర్సువే కదా" అని వేరే వార్డుకి మారుస్తారు, నీలాంటిదాన్ని "నువ్వు నర్సువి కాదు కదా" అని తక్కువ జీతంలో ఉంచుతారు. దీన్ని ఆ సీనియర్‌కే చెప్పి చూడు, ఆవిడకి నీకంటే బాగా తెలిసి ఉంటుంది.

కాబట్టి సంఘంలో చేరండి, కానీ కళ్ళు మూసుకుని కాదు. ఏ నిర్ణయమైనా రెండు దారుల వాళ్ళూ ఒప్పుకుంటేనే చెల్లుతుందని నిబంధనల్లో రాయించు. నలుగురూ ఏడుగురూ ఉన్నచోట చేతులెత్తి లెక్కపెడితే ప్రతిసారీ మీరే ఓడిపోతారు, ఏడాదిలో సంఘం చీలిపోతుంది. ఏడాది చూసి మళ్ళీ కూర్చుందాం అని కూడా రాయించు.

మీటింగ్‌కి ఇంకా టైముంది కదా. ఈలోగా ఆ పెద్దావిడల్లో ఒకరి దగ్గరికి వెళ్ళు. ఆవిడ చివరిసారి మీ దగ్గరికి తెచ్చిన కేసులో ఏం చూసి తేవాలనుకుందో, లోపలికొచ్చాక ఆవిడ మాట ఎవరైనా అడిగారో లేదో కనుక్కో. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకుని, మీటింగ్‌లో నీ వంతు వచ్చినప్పుడు ముందు అదే చదువు. ఆవిడ వస్తానంటే నీతోపాటు తీసుకెళ్ళు, ఆవిడే చెప్తుంది.